పద్మలతకు సవతైన గోలీ

కాజీపేట రైల్వే క్వార్టర్ల వెనక సందులో చీరలకు ఫాల్ కుట్టే పద్మలతకు ఒక సవతి ఉంది. దాని పేరు డాక్టరు చీటీ మీద ఉంటుంది గానీ పద్మలతకు నోరు తిరగదు. తెల్లగా, చొక్కా గుండీ అంత ఉంటుంది. రోజూ పొద్దున టిఫిన్ కాగానే ఆ సవతిని తెచ్చి మొగుడి అరచేతిలో పెట్టేది కూడా పద్మలతే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పండి!

రెండేళ్ల కింద ఆమె మొగుడు శ్యాంసుందర్ మంచం పట్టాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. లోకోషెడ్డులో ఇంజన్లు విప్పి బిగించే మనిషి స్నానానికి లేవలేకపోయాడు. ఏమైందని అడిగితే ఏడ్చేవాడు. పద్మలత అన్నం కలిపి ముద్దలు పెట్టింది, గడ్డం గీసింది, డ్యూటీకి పోగలిగిన రోజున షెడ్డు గేటు దాకా వెంట నడిచింది. ఆయన ఆమె కొంగు పట్టుకునే నిద్రపోయేవాడు. "నువ్వు లేకుంటే నేను లేను పద్మా" అనేవాడు. నడుము విరిగే కష్టమే. కానీ పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ మాట అప్పుడే విన్నది. గల్లీలో ఆడవాళ్లంతా ఆమె ఓపికకు దండం పెట్టాలన్నారు. అదీ తియ్యగానే ఉండింది.

చివరికి హన్మకొండలో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది కూడా తనే. గోలీలు మొదలై రెండు నెలలు తిరిగేసరికి శ్యాంసుందర్ తన గడ్డం తానే గీసుకున్నాడు. మూలన పడ్డ స్కూటర్ బయటికి తీశాడు. పొట్ట వచ్చింది. పట్టపగలు ఆవలింతలు. నోరెండిపోయి చెంబులకు చెంబులు నీళ్లు తాగుతాడు. అవన్నీ సరే. ఆమె కొంగు వదిలేశాడు. చెయ్యి కూడా పట్టుకోడు. పక్కింటి భవానితో మాత్రం పకపకా నవ్వుతాడు. ఇక భవాని ఊరుకుంటుందా?

"ఆ గోలీ ఎంత గట్టిదో గని వదినా, అన్నను మల్ల మనిషిని జేసింది!" అంది.

పద్మలతకు ఒళ్లు భగ్గుమంది. మోసింది తాను, పేరు గోలీకా?

ఆర్నెల్లు ఆ మంట లోపలే పెట్టుకుంది. ఒకనాడు ఉండబట్టలేక, దారాలు తెంపే కత్తెరతో గోలీని సగానికి కత్తిరించింది.

"డాక్టరమ్మ ఫోన్ల చెప్పింది. పొట్ట వస్తాంది గదా, ఇగ సగమే ఏసుకోవాల్నట" అంది.

శ్యాంసుందర్ ఆ సగమే మింగాడు. మందు విషయంలో ఆమె ఏం చెప్తే అదే ఆయనకు.

మొదట ఆవలింతలు తగ్గాయి. చూశావా అనుకుంది పద్మలత. తర్వాత నవ్వు తగ్గింది. మూడు వారాలకు గడ్డం మాసింది, భవాని పలకరిస్తే తల దించుకుని ఇంట్లోకి వచ్చేశాడు. పద్మలతకు లోలోపల సంబరం వేసింది. అది సిగ్గులేని సంబరమని ఆమెకూ తెలుసు. అయినా వేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన అన్నం వద్దన్నాడు. పద్మలత కలిపి ముద్ద పెట్టబోయింది. ఆయన ఆమె కొంగు పట్టుకున్నాడు.

"పద్మా, గోలీల తప్పు లేదు, డాక్టరమ్మ తప్పు లేదు. అందరికి పనిజేసే మందు నాకే పనిజేస్తలేదంటే నేనే పనికిరానోన్ని. ఇగ నేను మంచిగ కాను. నువ్వు నా కోసం తిప్పలు వడకు."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ కొంగు పట్టే చెయ్యి కోసమే గదా ఇంత చేసింది! ఇప్పుడు అదే చెయ్యిని చూస్తే భయమేసింది.

"గోలీని నేనే కత్తిరించిన" అంది. "డాక్టరమ్మ చెప్పలే. నువ్వు మంచిగైతే నాతోని పని లేకుంటైతదని నేనే జేసిన."

శ్యాంసుందర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, గోలీల షీట్ తీసి తన జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. పద్మలత ఉన్నదున్నట్టు చెప్పింది. మందు సొంతంగా తగ్గించడం ఎంత ప్రమాదమో డాక్టరమ్మ గట్టిగానే చెప్పి, పాత మోతాదే మళ్లీ రాసి, గోలీతో ఇబ్బందులేమున్నా ఆయన్నే నోరు విప్పి చెప్పమంది. శ్యాంసుందర్ పొట్ట సంగతి చెప్పాడు, నిద్ర సంగతి చెప్పాడు. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకోటి మేడం. ఆమె మీద పానమంత ఉంటది. గని దగ్గరికి తీసుకుందామంటే ఒళ్లంత మొద్దువారినట్టు ఉంటది. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్ని దినాలు దాపెట్టిన. దీనికి మందు ఏమన్న మార్చొస్తదా?"

చాలామందికి మందుతో అలా అవుతుందనీ, కానీ సిగ్గుపడి చెప్పరనీ అంది డాక్టరమ్మ. కావాలంటే వేరే మందుకు మెల్లగా మార్చి చూడవచ్చు, కుదురుకునేదాకా కొన్ని వారాలు అటూ ఇటూ కావచ్చు అంది.

పద్మలతకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ కుళ్లి చచ్చే బదులు ఒక్కసారి ఈ మనిషిని అడిగి ఉంటే పోయేది.

"ఇప్పుడే మార్చకుండ్రి మేడం" అంది కళ్లు తుడుచుకుంటూ. "ముందు ఆయనను నవ్వనియ్యుండ్రి, ఎవలతోనైనా సరే. నేను ఆగుత."