గ్రూపులో క్లిక్ ఉందన్నాను

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే చోట్లు తెలుసు. ఒకటి యూనివర్సిటీలో నా బల్ల, రెండోది అమెరికాలో ఆ ఊరు, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా తెలుగు చర్చి సంఘం. బల్ల దగ్గర మూడేళ్లుగా ఒకటే లెక్క. కొందరిని అన్నే కుర్చీల్లో, కొన్ని నియమాలకు లోబడి, రకరకాలుగా మార్చి కూర్చోబెట్టాలి. ఆ మార్పులన్నీ కలిస్తే ఒక గ్రూపు. వాటిలో ఏ రెండు మార్పులను పోల్చినా ఒక్కరికి కూడా అదే కుర్చీ రాకపోతే, అలాంటి మార్పుల జట్టు క్లిక్. ఎవరైనా ఏ కుర్చీకైనా చేరగలిగిన గ్రూపులో, కుర్చీలు పెరిగేకొద్దీ పెద్ద క్లిక్ తప్పక దొరుకుతుందా? (ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, కాబట్టి అర్థం కాలేదని బాధపడకండి.)

విశ్వాసిని కదా, ఒక ఆదివారం ప్రార్థన మనవుల వేళ లేచి నిలబడ్డాను. "గ్రూపు పెద్దదయ్యేకొద్దీ దాంట్లో పెద్ద క్లిక్ ఉంటుందని నా నమ్మకం. ప్రూవ్ చేయలేకపోతున్నాను. ప్రేయర్‌లో జ్ఞాపకం చేసుకోండి" అన్నాను.

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. మా సంఘంలో గ్రూపంటే శుక్రవారాలు ఇళ్లలో కూడే ప్రార్థన గ్రూపు. క్లిక్ అంటే ముఠా. వాటిలో పెద్ద గ్రూపు నడిపే, ఆదివారం పాటలకు వాయించే కీబోర్డు అక్కకూ, నాకు ప్రతి ఆదివారం డబ్బా కట్టిచ్చే బిర్యానీ అక్కకూ ఆరు నెలలుగా మాటల్లేవట. (ఆ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.) సంఘం రెండుగా చీలితే నాకున్న ఇల్లే పోతుంది.

"ఎవరి గురించి తమ్ముడూ? పేరు చెప్పెయ్" అంది బిర్యానీ అక్క.

"ఇది లెక్కల క్లిక్ అక్కా."

"అదే, ఎంతమందిని లెక్కపెట్టావో చెప్పు."

నేను నోరు తెరిచేలోపు కీబోర్డు అక్క లేచింది. "ఆ క్లిక్ పెట్టింది నేనే. పాటల ప్రాక్టీస్‌కి కావాలనే తనని పిలవలేదు. ఈ తమ్ముడికి దేవుడే చూపించాడు" అని ఏడ్చేసింది. బిర్యానీ అక్క కుర్చీలు దాటుకుంటూ వెళ్లి ఆమెను కౌగిలించుకుంది. నేను అసలు సంగతి చెప్పబోయాను. పాస్టరు గారు నా చొక్కా పట్టుకుని లాగి, "కూర్చో బాబూ. ఆ వివరణ ఇప్పుడెవరికీ అక్కర్లేదు" అన్నారు. కూర్చున్నాను.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో, కార్‌లో కూర్చుని, "ప్రభువా, నేనడిగింది ఆ క్లిక్ కాదు" అంటూ నిర్వచనం మొదటి నుంచీ వివరించాను, ఒక ఉదాహరణతో సహా. సర్వజ్ఞుడికి పాఠం చెప్పిన ఆ పిల్లవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. నా లెక్క నేటికీ తేలలేదు. కానీ ఆ ప్రార్థనకు జవాబు రాలేదని మాత్రం ఎవరితోనూ అనలేను.