సున్నం బొట్టు పెట్టిన సొరకాయ

ఉస్మాన్‌గంజ్‌లో మాది విత్తనాల దుకాణం. జహనుమాలోని ఒక గల్లీవాళ్లు ప్రతి వానాకాలం నా దగ్గరే సొర, బీర గింజలు కొనేవాళ్లు. దేశాల మధ్య లడాయి సాగుతున్న ఈ రోజుల్లో కూరగాయల ధరలు మండిపోతున్నాయి, వాళ్ల రాక పెరగాలి కదా, పూర్తిగా ఆగిపోయింది. కూలిపోయిన ఒక నవాబుల దేవిడీ ఆవరణలో చెత్త తీసేసి గల్లీ అంతా కలిసి తోట వేసుకుందని, గింజలు కూడా అందులోనే తీసుకుంటున్నారని విన్నాను. చూసి రావాలనిపించింది. సరదా కన్నా కడుపుమంటే ఎక్కువ.

పొద్దున్నే దుకాణం తమ్ముడికి అప్పగించి జట్కా మాట్లాడుకున్నాను. ఆరణాలు అడిగినవాడు నాలుగణాలకు దిగాడు. నయాపూల్ దాటి, చార్మినార్ మీదుగా అలియాబాద్ వరకు దారి బాగానే ఉంది. ఆ తర్వాత అన్నీ గుంతలే, నడుము జాగ్రత్త. "గా తోటకా సేటూ? ఆడికి ఎవ్వలొచ్చినా వట్టి చేతులతోని పంపరు" అన్నాడు జట్కావాలా.

తోటలో రహమాన్ చాచా అనే ముసలి వడ్రంగి ఎదురొచ్చాడు. మొండిగోడల మధ్య ఆకుకూరల మళ్లు, పాత దూలాలతో పందిళ్లు. పక్కనున్న బావి నుంచి ఇంటికొకరు వంతులవారీగా నీళ్లు మోస్తారట. నేను విత్తనాల సేటునని చెప్పగానే చాచా మురిసిపోయాడు. "మొదలు మీ గింజలే పెట్టినం సేటూ. మెహమాన్ వస్తే తన చేత్తోనే ఓ కాయ తెంపుకోవాలె, గది మా రివాజు. నచ్చింది తెంపుకోండ్రి" అంటూ కత్తి నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తేవడానికి వెళ్లాడు.

పందిరి చివర అన్నిటికన్నా పెద్ద సొరకాయ వేలాడుతోంది. దాని మీద సున్నం బొట్టు. మా పెరట్లోనూ నిండుగా కాసిన కాయకు దిష్టి తగలకుండా ఇలాగే పెడతాం. ఇంత ముచ్చటపడ్డారంటే మంచి కాయే అయి ఉంటుందని కోసేశాను.

పక్క మడిలో కలుపు తీస్తున్న లక్ష్మమ్మ అనే ఆమె చూసి లేచి నిలబడింది. "అయ్యో సేటూ, అది ఇత్తనం కాయ. ఎండేదాకా ముట్టొద్దనే బొట్టు పెట్టినం. బొట్టు పెట్టిన మిగిలినయన్ని పురుగు పట్టి పోయినయి, గిదొక్కటే ఉండె."

చెంబుతో వచ్చిన చాచా కాయను చూశాడు, నన్ను చూశాడు. విత్తనాలమ్మేవాడు కావాలనే కోశాడనుకుంటాడేమోనని కత్తి కింద పెట్టేశాను.

"తెల్వక కోసిన చాచా, ఒట్టు" అన్నాను. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది.

"ఫికర్ చెయ్యకుండ్రి. తెంపుమన్నది నేనే కదా" అన్నాడు.

మా ఇళ్లలో ముసల్మానుల చేతి వంట తినరని ఎరిగి, ఆ కాయను లక్ష్మమ్మతోనే వండించాడు. లోపల గింజలు లేతగా, ఎందుకూ పనికిరాకుండా ఉన్నాయి. ఇద్దరూ దగ్గర కూర్చుని కొసరి కొసరి తినమన్నారు. సిగ్గుతో తలెత్తలేక, విస్తరిలో వేసిందంతా తిన్నాను.

జట్కా ఎక్కుతుంటే చాచా దగ్గరికి వచ్చాడు. "వచ్చే వానలకు మీ దుకాణానికే వస్తం సేటూ."

"పైసలొద్దు చాచా, ఊకెనే ఇస్త."

"దుకాణం పెట్టుకున్నోళ్లు ఊకెనే ఎట్ల ఇస్తరు? కొంటం" అన్నాడు.

పోయిన గిరాకీ తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. వాళ్లు నాలుగు తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. కావాలని చేయలేదని నాకు తెలుసు. కావాలని చేసి ఉంటే ఏం దక్కేదో, నాకు అదే దక్కింది. మీరు వెళితే ఎండ ముదరకముందే వెళ్లండి. కాయ కోసుకోమంటే ఏది కోయాలో అడిగి మరీ కోయండి. సొర పందిరి కింద మాత్రం ఈ ఏడు అడగక్కర్లేదు. అక్కడ బొట్టు పెట్టిన కాయ లేదు.