మొహం మీద వెలుతురున్న బడి

2002 జూన్. రాజమండ్రి దానవాయిపేటలో వినికిడి, మాట సమస్యలు చూసే నా క్లినిక్ పెట్టి అప్పటికి ఎనిమిదేళ్లు. ఒకటే గది, ముందు చిన్న వరండా. మైసూరులో చదువుకుని వచ్చాను కాబట్టి నాకు తెలియనిది లేదన్న ధీమా కాస్త ఎక్కువగానే ఉండేది. నేను డాక్టర్ని కాను, ఆడియాలజిస్టునని ఎంత చెప్పినా వచ్చినవాళ్లంతా డాక్టరమ్మగారనే పిలిచేవారు. కొన్నాళ్లకి చెప్పడం మానేశాను. నిజం చెప్పాలంటే ఆ పిలుపు నాకూ బాగానే ఉండేది.

ఎవరికి ఎంత వినబడుతోందో ఆడియోమీటర్ అనే యంత్రంతో కొలిచి, దాన్నిబట్టి హియరింగ్ ఎయిడ్, అంటే చెవి మిషను, ఇవ్వడం మా పని. మిషను పెట్టినా అన్ని మాటలూ వినబడని పిల్లలు ఎదుటివారి పెదాల కదలిక చూసి మిగతాది పట్టుకోవాలి. దాన్ని లిప్ రీడింగ్ అంటాం. అది ఎంత వచ్చో చూడడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉండేది. గొంతు బయటికి రాకుండా పెదాలు మాత్రం కదుపుతూ ఇరవై చిన్న వాక్యాలు చెబుతాను, పిల్లలు తిరిగి చెప్పాలి. పదికి లోపు వస్తే, మామూలు బడిలో నెట్టుకురాలేరు, హాస్టలున్న ప్రత్యేక పాఠశాలలో చేర్చమని రిపోర్టు రాసేదాన్ని.

ఆ నెలలోనే అంతర్వేది వైపు నుంచి నూకరత్నం అనే ఆవిడ తొమ్మిదేళ్ల కూతురు మాలక్ష్మిని తీసుకుని వచ్చింది. వాళ్లది సముద్రంలో చేపల వేట మీద బతికే కుటుంబం. భర్త సూరిబాబు బోటు ఇంజన్ల మెకానిక్కు. మూడేళ్లుగా బహ్రెయిన్‌లో పడవలు బాగుచేసే కంపెనీలో పనిచేస్తూ ఫోర్‌మన్ అయ్యాడు. ఇప్పుడు భార్యాబిడ్డలకి వీసా వచ్చింది. మాలక్ష్మికి పుట్టుకతోనే వినికిడి చాలా తక్కువ. రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని ఊళ్లో కాన్వెంటులో మూడో తరగతి పూర్తిచేసింది. సూరిబాబు అక్కడి ప్రైవేటు స్కూళ్లు మూడింటికి అర్జీ పెడితే, ఒకటి ఇలాంటి పిల్లల్ని చేర్చుకోలేమని చెప్పేసింది. మిగతా రెండూ రిపోర్టు పంపమన్నాయి. ఆ రిపోర్టు రాయాల్సింది నేను.

"రిపోర్టు బాగా రాకపోతే ఏంటండీ దారి?" అని అడిగింది నూకరత్నం.

"పాపని ఇక్కడ హాస్టల్లో పెట్టి మీరు వెళ్లొచ్చు. చాలామంది అలాగే చేస్తారు."

"దాన్నొదిలేసి నేనెల్తానాండీ? ఆయనక్కడ, మేమిక్కడ. అంతే ఇంక" అంది. ఏడవలేదు, బతిమాలలేదు. నా పెన్ను వైపు చూసింది.

పరీక్ష మొదలుపెట్టాను. మధ్యాహ్నం మూడయింది. మాలక్ష్మి కళ్లు చికిలించి, మెడ సాగదీసి నా వైపే చూస్తూ ఎనిమిది వాక్యాలు సరిగ్గా చెప్పగలిగింది. నేను నిట్టూర్చి కాగితం ముందుకు లాక్కున్నాను.

"డాక్టరమ్మగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాటండి" అంది నూకరత్నం. "మీరు ఇటొచ్చి కూర్చుంటారా? మీ మొహం దానికి కనపడట్లేదండి."

నాకు ఒళ్లు మండింది. నా గదిలో నేనెక్కడ కూర్చోవాలో కూడా వచ్చినవాళ్లే చెప్పాలా? అయినా ఏమైతే అదే అయిందని లేచి వెళ్లి పాప కుర్చీలో కూర్చున్నాను. పాప నా కుర్చీలో కూర్చుంది. అప్పుడు చూశాను. మాలక్ష్మి వెనక పెద్ద కిటికీ, అందులోంచి కళ్లు పొడిచేసేంత ఎండ. ఎదురుగా ఉన్న బిడ్డ మొహంలో నాకు కళ్లేవో నోరేదో తెలియలేదు, నల్లటి నీడ తప్ప.

ఇంకో ఇరవై వాక్యాలు చెప్పాను. ఈసారి వెలుతురు నా మొహం మీద పడుతోంది. పద్దెనిమిది చెప్పింది. తప్పిన రెండూ నేను సరిగ్గా పలకలేదని ఫిర్యాదు కూడా చేసింది.

మాట్లాడేవారి మొహం మీద వెలుతురు పడాలన్నది మాకు మొదటి సంవత్సరం పాఠం. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పాఠమే. గది అద్దెకి తీసుకున్న రోజు ప్లగ్ పాయింటు కిటికీ గోడకి ఉందని ఆడియోమీటరు అక్కడ పెట్టించాను, దాని పక్కన నా కుర్చీ వేయించాను. ఎనిమిదేళ్లూ ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

"మీకెలా తెలిసింది?" అని అడిగాను.

"ఇందులో తెలియడానికేముందండీ? బోటు మీద ఇంజన్ మోతలో ఎవరికి వినపడుద్దండీ? అక్కడ అందరం చెవిటోళ్లమే. ఈ బోటోళ్లు ఆ బోటోళ్లకి చెప్పాలన్నా, ఒడ్డున ఉన్న మాకు చెప్పాలన్నా నోరు చూసే పట్టుకోవాల. పొద్దు ఈపు వెనకుంటే మొహం నల్లగా అయిపోద్ది. అందుకని ముందు బోటు తిప్పుతారండి, తర్వాత చెబుతారు."

నమ్మబుద్ధి కాలేదు. ఒక చీటీ మీద వాక్యం రాసి నూకరత్నానికిచ్చి, రోడ్డు అవతల మందుల షాపు మెట్లెక్కి గొంతు లేకుండా చెప్పమన్నాను. ఆవిడ మెట్లెక్కి, ఎండ ఎటుందో చూసుకుని, కొద్దిగా పక్కకి తిరిగి పెదాలు కదిపింది. మధ్యలో ఆటోలు, రిక్షాలు పోతున్నాయి. అంత దూరం నుంచి ఆవిడ నోరు కదిలిందో లేదో కూడా నాకు తెలియలేదు. వరండాలో నా పక్కన నిలబడ్డ మాలక్ష్మి మాత్రం, "రేపు రాజమండ్రిలో వాన పడుతుంది" అంది. అని ఊరుకోకుండా ఆకాశం వైపు చూసి, "పడదు" అని తేల్చేసింది. మేము ఆరడుగుల దూరంలో కొలిచే విద్యని ఈ పిల్ల ఇంట్లో అన్నంతోపాటు నేర్చుకుంది.

రిపోర్టు రాశాను. అంత సంతోషంగా ఇంకే రిపోర్టూ రాయలేదు. ఇక స్కూలు ఎంచుకోవాలి. సూరిబాబు కొరియర్లో పంపిన రెండు స్కూళ్ల పరిచయ పుస్తకాలూ నూకరత్నం సంచిలోంచి తీసింది. మొదటిది పెద్ద స్కూలు. కొత్త భవనం, ప్రత్యేక శ్రద్ధ కావలసిన పిల్లలకి వేరే విభాగం, అందులో స్పీచ్ థెరపిస్టు. రెండోది పాత మేడలో నడిచే చిన్న స్కూలు. ప్రత్యేక సదుపాయం అన్న మాటే లేదు. నేను రెండూ చదివి వినిపించి, ఆలోచించే పని లేదు, మొదటిదే అన్నాను. అంతకుముందే ఒక దెబ్బ తిన్నా నాకు బుద్ధి రాలేదు.

"బొమ్మలు ఒకసారి ఇలాగివ్వండి" అంది నూకరత్నం.

తల్లీకూతుళ్లు వరండాలో చాప మీద కూర్చుని ఫొటోలు ముందేసుకున్నారు. మొదటి పుస్తకంలో నాలుగు తరగతి గదుల ఫొటోలున్నాయి. ప్రతి గదిలోనూ టీచరు వెనక నేల నుంచి కప్పు దాకా అద్దాల గోడ, దాని అవతల నీలం సముద్రం. నేను ఆ అద్దాలు చూసి ఎంత గొప్పగా ఉందో అనుకున్నాను. మాలక్ష్మి ఒక్కొక్క టీచరు మొహం మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపింది. నిజమే, నాలుగు మొహాలూ నల్లగా ఉన్నాయి.

రెండో పుస్తకంలో తరగతి గది ఫొటో ఒక్కటే ఉంది. కిటికీలు పిల్లల వెనక ఉన్నాయి. బోర్డు దగ్గర ఒక నడివయసు టీచరు ఏదో చెబుతున్నారు. మాలక్ష్మి ఆ ఫొటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. తన పెదాలు గుండ్రంగా చుట్టింది. అమ్మ వైపు తిరిగి, "ఓ అంటున్నారు" అంది.

నేను ఫొటో లాక్కుని చూశాను. ఆవిడ నిజంగానే ఓ అంటున్నారు. కదలని కాగితంలోంచి ఒక అక్షరం విన్న పిల్లని నా జీవితంలో అప్పుడే చూశాను. ఆ క్షణంలో నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, తల్లికి పెట్టాలో పిల్లకి పెట్టాలో తెలియక ఊరుకున్నాను.

"ఇదేనండి మా బడి" అంది నూకరత్నం.

ఆ స్కూలుకి రిపోర్టుతోపాటు నేనొక ఉత్తరం రాశాను. పాపకి టీచరు మొహం మీద వెలుతురు పడడం ఒక్కటే ముఖ్యమని చెప్పాను. ప్రిన్సిపాలు గారి జవాబు రెండు వాక్యాలే. మొదటిరోజు పాప తనకి కావలసిన చోట కూర్చోవచ్చు. మేమెక్కడ నిలబడాలో ఆ తర్వాత పాపే చెబుతుంది. ఆగస్టులో తల్లీకూతుళ్లు విమానం ఎక్కారు. రెండేళ్ల తర్వాత సెలవులకి వచ్చి కనిపించారు. మాలక్ష్మి ఆరో తరగతికి వచ్చింది. స్కూలు బస్సు డ్రైవరు తనలో తాను తిట్టుకునే తిట్లన్నీ కూడా, ముందున్న అద్దంలో అతని పెదాలు చూసి పిల్లకి తెలిసిపోయాయని నూకరత్నం తలపట్టుకుంది.

వాళ్లు విమానమెక్కిన వారం నేను పాత ఫైళ్లన్నీ బయటికి తీశాను. పెద్ద పెద్ద చదువులు చదివినా కళ్లెదుట ఉన్నది చూడడం వేరే విద్య అని, అది ఎవరి దగ్గరైనా ఉండొచ్చని నూకరత్నం నాకు నేర్పింది. కానీ నేర్చుకుని సంతోషించి ఊరుకుంటే సరిపోదు కదా. ఆ కిటికీ ముందు కూర్చుని నేను పదికి లోపు మార్కులు వేసిన పిల్లలు పదకొండుమంది తేలారు. అందరి ఇళ్లకీ మళ్లీ ఒకసారి రమ్మని కార్డులు రాశాను.

మొదట వచ్చింది పెద్దాపురం నుంచి ఒక తండ్రి, రైసు మిల్లులో పనిచేసే ఆయన. కూతురు పద్మ నా రిపోర్టు వల్ల రెండేళ్లుగా ఎక్కడో దూరాన హాస్టల్లో ఉంటోంది. దసరా సెలవులని తీసుకొచ్చాడు. నేను కిటికీకి ఎదురుగా కూర్చుని ఇరవై వాక్యాలు చెప్పాను. ఇదివరకు ఏడు చెప్పిన పిల్ల ఇప్పుడు పదిహేడు చెప్పింది.

"మా అమ్మాయికి నయమైపోయిందాండీ?" అన్నాడు తండ్రి, కుర్చీలోంచి సగం లేచి.

"లేదండి. ఆ రోజూ పద్మకి ఇంతే వచ్చు. నేను కూర్చున్న చోటు వల్ల నా మొహం తనకి కనపడలేదు. తప్పు నాది" అన్నాను.

ఆయన కోప్పడతాడని, కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి, "అయితే ఇంక మా అమ్మాయి ఇంటికొచ్చేయొచ్చాండీ?" అని మాత్రం అడిగాడు.