అచ్చుతప్పు కాదు

ఒక వేలు ఎంత బరువుంటుంది? నా కుడిచేతి చూపుడువేలును తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. దీనితో ఒకసారి ఒక అబద్ధం చూపించాను. నోటితో ఆడిన అబద్ధాలు నాకు చాలావరకు గుర్తులేవు. అందరిలాగే ఆడి ఉంటాను, మరిచిపోయి ఉంటాను. వేలు పెట్టి చూపించినది మాత్రం చూపించిన చోటే ఉండిపోయింది, దాని కింద గీసిన ఎర్ర గీతతో సహా.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. చదివిన కాలేజీ పేరూ చెప్పను, ఇందులో దాని తప్పేమీ లేదు. మాది సిరిసిల్ల దిక్కు, కోనరావుపేట దగ్గర ఒక ఊరు. మా తాత ఒకప్పుడు ఆ ఊరి దొర. భూములు చాలావరకు పోయాయి, ఆ పిలుపు మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. నేను పశువుల డాక్టరును. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. పరిశోధన చేసింది కొవ్వు మీద.

నవ్వుకోండి, ఫరవాలేదు. తెలుగులో కొవ్వుకు రెండర్థాలు. ఒంటికి పట్టేది ఒకటి, తలకెక్కేది ఒకటి. మొదటిదాని మీద నాకు డాక్టరేటు ఇచ్చారు. రెండోది పుట్టుకతోనే వచ్చింది.

కొన్ని పుండ్లు ఎంతకీ మానవు. చాలాసార్లు దానికి కారణం అక్కడికి రక్తం అందకపోవడమే. పైన ఎంత మంచి పొర పరిచినా, అడుగున రక్తనాళాలు లేకపోతే అది ఎండి ఊడిపోతుంది. కొవ్వులో మాత్రం వెంట్రుక కంటే సన్నని నాళాలు కిక్కిరిసి ఉంటాయి. ఆ కొవ్వును జాగ్రత్తగా కరిగించి, నాళాలను చిన్న చిన్న ముక్కలుగా బయటికి తీసి, పుండు మీద పరిచే పొరలో నాటితే, ఆ ముక్కలు వాటంతటవే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అతుక్కుంటాయి. చుట్టూ ఉన్న మంచి నాళాలను చేరుకుంటాయి. అప్పుడు రక్తం లోపలికి వస్తుంది. ఎలుకల్లో ఇది చేసి చూసినవాళ్లు వేరే దేశాల్లో అప్పటికే ఉన్నారు. కుక్కలు కరిచి, ముళ్లు చీరి, పుండ్లు మానక బాధపడే మేకల్లో చేసి చూడాలని మా గైడు సార్ ఆశ.

ఆ ఆశ ఏడాదిన్నర పాటు నా చేతుల్లో గంజి అయింది. కొవ్వును విడదీయడానికి ఒక ఎంజైమ్ పొడి కలిపి వెచ్చగా ఉంచాలి. ఎలుకలకు చెప్పిన సమయం పెడితే మేక కొవ్వు విడిపోలేదు. సమయం పెంచితే కొవ్వుతోపాటు నాళాలూ కరిగిపోయాయి. గడియారం ముందు కూర్చుని నిమిషాలు పెంచాను, తగ్గించాను, మళ్లీ పెంచాను. ఏది చేసినా సూక్ష్మదర్శిని కింద మిగిలింది మడ్డి.

సాధనకు రోజూ తాజా కొవ్వు కావాలి కదా. అది కోరుట్లలో జహంగీర్ చాచా మాంసం దుకాణంలో దొరికేది. వెచ్చటి ఉప్పునీళ్ల ఫ్లాస్కు పట్టుకుని పొద్దున్నే వెళ్లేదాన్ని. మొదటిరోజు నేను కిడ్నీ చుట్టూ ఉన్న తెల్లటి కొవ్వు అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. గుర్దా కొవ్వు చూపుకే ముద్దుగా ఉంటుందట, దాంట్లో దారం ఉండదట. సీనా మీద, అంటే రొమ్ము మీద, మాంసాన్ని అంటిపెట్టుకున్న కొవ్వును ఒక పొర తీసి ఎండకు ఎత్తి పట్టాడు. ఎర్రటి సన్నని దారాలు కనిపించాయి. నేను మూడేళ్లుగా పుస్తకాల్లో చూస్తున్న బొమ్మ ఆ చేతిలో ఉంది.

ఆ చేతుల గురించి చెప్పకుండా ఉండలేను. చాచా కత్తి ఎముకకు తగిలి చప్పుడు చేయడం నేను వినలేదు. కీలు ఎక్కడుందో వేలితో వెతుక్కుని అక్కడే విడదీసేవాడు. తర్వాత నేను ఎందరో సర్జన్లను చూశాను. అంత నెమ్మదైన చేతిని ఒకటి రెండుసార్లు చూశానేమో.

ఒకరోజు నా మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఏం పొడి కలుపుతున్నావన్నాడు. మాంసాన్ని వదులు చేసే పొడి అన్నాను.

"బొప్పాయి లెక్కనా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "మా పెద్దబిడ్డ లగ్గానికి వంటాయన కబాబు ముక్కలకు పచ్చి బొప్పాయి పట్టించి గట్లనే ఇడిశిపెట్టిండు. పొద్దుగాల సూస్తె గంజి. సీకుకు ఒక్కటి నిలవలే. రేషా ఉండంగనే ఆపాలె బిడ్డా. రేషా అంటె పోగు. గా పోగు పోయిందంటె ఇగ గది గోష్తే కాదు. ఘడియారం సూస్తె తెల్వది. జరసేపటికోపారి ఏలు వెట్టి సూడాలె."

ఆ మధ్యాహ్నమే గడియారాన్ని పక్కన పెట్టాను. రెండు నిమిషాలకోసారి ఒక చుక్క తీసి గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద చూశాను. కొవ్వు వదులైంది, పోగు ఇంకా ఉంది. అక్కడ ఆపేశాను. సన్నటి జల్లెడ మీద నాళాల ముక్కలు నిలిచాయి. వాటిని జెల్లులో పెట్టాను.

నాలుగో రోజు ఒక ముక్క కొసకు మొలక వచ్చింది. దాని మేక లేదు. దాని గుండె లేదు. ఎటునుంచీ రక్తం రాదు. అయినా అది పక్క ముక్క వైపు సాగుతోంది. నేను ఏడ్చాను, దాచను. కొన్ని నెలల తర్వాత, బతికున్న మేకల్లో ఏ మేక కొవ్వు ఆ మేకకే పెట్టి చేసినప్పుడు, పుండు మీది తెల్లటి పొర ఒకనాటికి గులాబీ రంగుకు తిరిగింది. ఇప్పటికీ నా జీవితంలో చూసిన అందమైన రంగు ఏదని ఎవరైనా అడిగితే అదే అంటాను.

గైడు సార్ నా భుజం తట్టి, ఈ ఉపాయం ఎట్లా తట్టిందని అడిగారు.

"ట్రయల్స్ చూసుకుంటుంటే నాకే తట్టింది సార్" అన్నాను.

మొదటి తప్పు అది. చిన్నదే అనుకున్నాను. బొప్పాయి అని చెబితే నవ్వుతారేమోనని భయమా? అంతేనా? కాదు. థీసిస్ మొదటి పేజీల్లో కృతజ్ఞతలు రాస్తున్నప్పుడు చాచా పేరు టైపు చేశాను కూడా. "కోరుట్లలో మాంసం దుకాణం నడిపే" అని రాశాక ఆగాను. ఆ పేజీని నాన్న చుట్టాలందరికీ చూపిస్తాడు. పై వరుసలో తాత పేరు ఉంది. తాత పేరు కింద కసాయి పేరా? ఎవరూ అనలేదు ఆ మాట. నాకు నేనే అనుకున్నాను, చెరిపేశాను. చోటు లేక కాదు. అదే పేజీలో హాస్టల్ వంటామెకూ, చివరికి జిరాక్స్ సెంటరుకు కూడా కృతజ్ఞతలు చెప్పాను.

పుస్తకం అట్ట వేయించాక చాచాకు చూపించడానికి వెళ్లాను. ఎందుకు వెళ్లాను? పొగడ్త కోసం వెళ్లి ఉంటాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్ని, ఆ ఇంటికే మళ్లీ భోజనానికి వెళ్లాను. ఆయన చేతులు రెండుసార్లు కడుక్కుని, తుండుతో తుడుచుకుని, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనకు ఉర్దూ కొద్దిగా వచ్చు. ఇంగ్లీషు రాదు.

"బిడ్డా, దీంట్ల నా పేరు రాసినవా?"

లేదు అనడానికి ఒక్క క్షణం దొరికింది. అది పోయింది.

"రాసిన చాచా."

"ఏడున్నది?"

పేజీ తిప్పి వేలు పెట్టాను. వేలు ఎక్కడ పెట్టానో తెలుసా? మా తాత పేరు మీద. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద వాక్యం అదే.

ఆయన చెవి మీది ఎర్ర పెన్ను తీసి, నా వేలు ఉన్న చోట, వంకరపోకుండా, ఒక గీత గీశాడు. ఎదురుగా ఉన్న దుకాణంలో ఆ పేజీని కలర్ జిరాక్స్ తీయించి ప్లాస్టిక్ వేయించాడు. ఆ రోజు నాకు సీనా మాంసం పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికి తీసుకుపోయి తిన్నాను కూడా.

తర్వాత ఉద్యోగం వచ్చింది. రెండు నిమిషాలకోసారి ఆపి చూసే పద్ధతిని మా విద్యార్థులు "మేడం మెథడ్" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను బోర్డు వైపు తిరుగుతాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే, ఇది అనుభవం మీద వచ్చేది అని ఏదో గొణుగుతాను. చాచా మాత్రం ఆ పేజీని దుకాణం లైసెన్సుతో పాటు సొరుగులో పెట్టుకుని, గిరాకీలకు తీసి చూపించేవాడట. తడి చేతులు తగులుతాయని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదట. ఎవరూ చదవలేదో, చదివినవాళ్లు ఊరుకున్నారో నాకు తెలియదు.

ఈ వానాకాలంలో చాచా కాలికి ఎముక ముల్లు గుచ్చుకుంది. షుగరు ఉంది. రెండు నెలలైనా మానలేదు. నాకు ఫోను చేశాడు. మేకలకు పెట్టింది నాకు పెట్టరాదా అన్నాడు. మనుషుల్లో అది ఇంకా పరిశోధనలోనే ఉందని, ఇక్కడ దొరకదని చెప్పి, జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కట్టు విప్పి చూసి, కాలి కొసకు రక్తం సరిగా అందుతలేదన్నాడు.

చాచా మొహం వెలిగింది. "గీమె గదే పనిల పెద్ద డాక్టరు సార్. నా పేరు గూడ ఉన్నది కితాబుల" అని, జేబులోంచి ఆ పేజీ తీసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకరి చేతికిచ్చాడు.

డాక్టరు చదివాడు. ఎర్ర గీత మీద ఆగాడు. చీటీ మీద రాసిన రోగి పేరు చూశాడు. నా వైపు చూశాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"మంచిగున్నది చాచా" అని తిరిగి ఇచ్చేసి, పుండు మీదికి వంగాడు.

నా కోసం ఒక ముక్కూమొహం తెలియని మనిషి అబద్ధమాడాడు. ఇప్పుడు ఆ గదిలో అబద్ధం చెప్పినవాళ్లం ఇద్దరం, చాచా ఒక్కడూ మా ఇద్దరికీ షుక్రియా చెబుతున్నాడు. నాకు సిగ్గేసింది. తొమ్మిదేళ్ల సిగ్గు ఒక్కసారే వేసింది.

మందుల కోసం బయట బల్ల మీద కూర్చున్నప్పుడు చెప్పేశాను. గీత కింద ఉన్నది నీ పేరు కాదు చాచా అన్నాను. రాయలేదు అన్నాను. బొప్పాయి మాట కూడా నాదేనని అందరికీ చెప్పుకున్నానన్నాను.

జేబులోంచి పేజీ తీసి అడిగాడు. "మరి గా పేరు ఎవలది?"

"మా తాతది."

"దొరదా?" అన్నాడు. పేజీని దూరంగా పట్టుకుని చూశాడు, అక్షరాలు ఇప్పుడు కొత్తగా కనబడతాయన్నట్టు. "ఇన్నేండ్లు దొర పేరు వెట్టుకొని నాదని తిరిగిన్నా?"

తిట్టలేదు. పేజీ నా ఒళ్లో పెట్టాడు. కోరుట్లలో బస్సు ఆగింది. దిగేటప్పుడు పట్టుకోబోతే నా చేయి వదిలేసి ఇనుప కడ్డీ పట్టుకుని, కుంటుతూ దిగాడు.

మొన్న ఆదివారం దుకాణానికి వెళ్లాను. వరుసలో నిలబడ్డాను. నా ముందున్న టీచరు ఒకాయన, చాచా నీ కాయిదమేది, మా చుట్టానికి చూపిద్దామంటే, అన్నాడు. చాచా నన్ను చూశాడు, చూడనట్టే ముక్క కోశాడు.

"అచ్చుల తప్పు పడ్డదట సార్. దిద్దుకస్తనని తీస్కపోయింది."

నా వంతు వచ్చింది. ఎంత కావాలని అడిగాడు, అంతే. బిడ్డా అనలేదు.

క్షమించాడా? లేదనే అనుకుంటున్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. కాలేజీకి ఉత్తరం రాశాను, గైడు సార్‌కు ఫోను చేసి బొప్పాయి సంగతి చెప్పాను. ఆయన విని పెట్టేశారు. అట్ట వేసిన పుస్తకం మారుతుందో లేదో తెలియదు. చాచా పుండు కొద్దికొద్దిగా ఎర్రబడుతోందని, మానుతోందని డాక్టరు చెప్పాడు. దాంట్లో నా గొప్పేమీ లేదు.

కానీ అది అచ్చుతప్పు కాదు. ఆ మాట ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి, చాచా నన్ను కాపాడటానికి ఇంకో అబద్ధం ఆడకముందే. మేకల్లో నాళాలు బతికిన పద్ధతి ఆయనది. రేషా ఉండగానే ఆపమన్నది ఆయన. ఇది రాస్తుంటే వేలు కొంచెం తేలికైంది, అబద్ధమెందుకు.

ఇందులో నా పేరు దాచాను. మా తాత పేరు, కాలేజీ పేరు, డాక్టరు పేరు దాచాను. చాచా పేరు జహంగీర్. దాన్ని మాత్రం మార్చలేదు. ఒకసారి మార్చింది చాలు.