నాయిన తొవ్వ, నా మ్యాపు

ఆ రోజుల్లో నాకు కాగితం మీద గీసిన గీతలంటే అపారమైన గౌరవం ఉండేది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గీత కనిపించిందంటే ఇక మిగిలింది కాళ్ల పనేనని, డిగ్రీ చదివినవాడికి అదేమంత పెద్ద విషయం కాదని నా అభిప్రాయం. నలభై దగ్గర పడ్డ ఈ వయసులో, ఆ అభిప్రాయం నన్ను ఎక్కడ విడిచిపెట్టి పోయిందో కూడా కచ్చితంగా చెప్పగలను. లోతుకుంట దగ్గర, రోడ్డుకు కుడిపక్కన, ఒక ఆదివారం పొద్దున నేను ఇరవై రెండు నిమిషాలు సైకిల్ పట్టుకుని నిలబడ్డ చోట. ఆ చోటు ఇప్పటికీ ఉంది, నేనే మారాను (కొంచెం లావయ్యాను కూడా).

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పట్టి, వాటిని గంపలో వేసుకుని సైకిల్ మీద సికింద్రాబాద్ దాకా పోయి అమ్మేవాడు. నా చదువు అయిపోయే సమయానికి ఆయన మోకాలు వాచి, డాక్టరు సైకిల్ ముట్టొద్దన్నాడు. అప్పటికి ఆర్నెల్లుగా చేపలు చెరువు కట్ట మీదే అమ్ముతున్నాడు, సైకిల్ గోడకు ఆని ఉంది. సరిగ్గా అప్పుడే నాకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపుసెట్ల సామాను అమ్మే ఒక దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టే పని దొరికింది. ఇంట్లో మొదటి జీతం నాది కావాలి. సేటు మంచివాడే కానీ టైము విషయంలో మనిషి కాదు. తొమ్మిదిన్నరకు తానే షట్టర్ ఎత్తేవాడు, ఆ తర్వాత వచ్చినవాడి పేరు నోటుబుక్కులో ఎర్రపెన్నుతో రాసేవాడు. మొదటి నెలలో మూడుసార్లు పేరు పడితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. ఈ సంగతి చెప్పాక మర్యాద కోసం మా నాయిన ఏం చేస్తాడని అడిగాడు. సేటు శుద్ధ శాకాహారి, దుకాణంలో అగరుబత్తుల వాసన, నేనేమో కొత్త చొక్కాలో ఉన్నాను. “నీళ్ల కాంట్రాక్టు” అన్నాను. (చెరువు మీద చేపలు పట్టే మా సంఘానికి హక్కుంది, నాయిన ఆ సంఘంలో సభ్యుడు. కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని చాలాకాలం నాతో నేనే వాదించుకున్నాను.)

మొదటి ఎర్రగీత మొదటి వారంలోనే పడింది. బస్సులు మా దగ్గరికి వచ్చేసరికే నిండిపోయి ఉండేవి. వేలాడేవాళ్లను పట్టుకుని వేలాడటం ఒక విద్య, అది నాకు రాలేదు. అందుకని నాయిన సైకిల్ తీస్తానన్నాను. తీస్తాననగానే మా అవ్వ, అంటే అమ్మ, తన షరతు పెట్టింది. “పెద్ద రోడ్డు ఎక్కినవంటే నేను బువ్వ ముట్ట. గా లారీలు మనిషిని సూస్తయా ఏంది?” అంది. అవ్వ అన్నం మానేయడమంటే మా ఇంట్లో తమాషా కాదు. అంతకుముందు రెండుసార్లు మానేసింది, రెండుసార్లూ నెగ్గింది. అంటే నాకు కావలసింది లారీలు లేని దారి, అదీ తొమ్మిదిన్నరకల్లా రాణిగంజ్‌లో తేలే దారి. టైము తప్పితే ఉద్యోగం పోతుంది, దారి తప్పితే అవ్వ పోతుంది.

నేను భయపడలేదు. రెండు డ్రాయింగ్ షీట్లు అతికించి, నెట్ సెంటర్‌లో చూసి రాసుకున్న రోడ్లన్నీ దాని మీద గీశాను. లారీలు తిరిగే చోట ఎరుపు, ఎత్తు ఎక్కాల్సిన చోట నీలం, నీడ ఉండే చోట ఆకుపచ్చ. కుక్కలకు రంగు మిగల్లేదు, చుక్కలు పెట్టాను. మూడు రోజులు కష్టపడ్డాక, నాయిన చేపలమ్మిన ముప్పై ఏళ్లలో ఎవరికీ తట్టని ఒక అద్భుతమైన దారి బయటపడింది. హకీంపేట దాటాక ఎడమకు తిరిగితే చాలు, రెండు పక్కలా పెద్ద చెట్లు, లారీ లేదు, మలుపు లేదు, అసలు మనుషులే లేరు, దారంతా ఆకుపచ్చే. నాయినకు చూపించాను. ఆయన షీటును మంచం మీద పరిచి చాలాసేపు చూశాడు.

“మస్తు గీసినవ్ బిడ్డా. గేటు ఏడ గీసినవ్?”

“గేటేంది నాయినా, అది రోడ్డు.”

“సరే మరి,” అన్నాడు. షీటు మడుస్తూ, “నా తొవ్వ సెప్పాల్నా?” అని అడిగాడు.

వద్దన్నాను. అది చేపలమ్మే తొవ్వ, ఇళ్ల మధ్యలోంచి పధ్నాలుగు మలుపులు తిరుగుతుంది, శాస్త్రీయం కాదు అని వివరించాను కూడా. మర్నాడు పొద్దున ఆకుపచ్చ దారిలో హాయిగా పోతుంటే గేటు వచ్చింది. గేటు దగ్గర తుపాకీతో ఒక జవాను ఉన్నాడు. అది మిలిటరీ వాళ్ల జాగా కాబట్టే అంత నీడ, అంత నిశ్శబ్దం. ఆయన పాస్ అడిగాడు. నా దగ్గర పాస్ లేదు, మ్యాపు ఉంది, అది చూపించాను. ఆయన తీరిగ్గా చూసి, “అచ్ఛా బనాయా,” అని మెచ్చుకుని, మడిచి ఇచ్చి, వచ్చిన దారినే పంపించాడు. రాణిగంజ్ చేరేసరికి పది దాటింది, ఎర్రపెన్ను రెండోసారి కదిలింది.

ఆ రాత్రి అన్నం దగ్గర నాయిన గేటు మాట ఎత్తలేదు, అది ఆయన గొప్పతనం. తన తొవ్వ మాత్రం మెల్లగా చెప్పాడు. “బొల్లారంల కిరాణం దుకాణం కాడ సందుల పడు. నీలం గేటు కాలనీ వస్తది, అండ్లకెల్లి పోతె అల్వాల్ తేలుతవ్. లోతుకుంట కాడ పెద్ద రోడ్డు దాటాలె. ఆడ పూలమ్మే అవ్వ ఉంటది, ఆమె దాటిపిస్తది. ఇగ ఆడికెల్లి అన్ని గల్లీలే.” ఇంకొక్కసారి పేరు పడితే పని పోతుంది కాబట్టి, దుకాణం సెలవైన ఆదివారం నాడు ముందుగా పోయి చూద్దామనుకున్నాను. శనివారం సాయంత్రం సైకిల్‌ను సర్ఫుతో కడిగి, నిమ్మచెక్కలతో రుద్దాను. హ్యాండిల్‌కు నాయిన బిగించుకున్న పాత హారన్ ఒకటి ఉండేది. రబ్బరు బుడ్డి నొక్కితే బొయ్ బొయ్ అని గల్లీ మొత్తం వినబడేది. చేపలవాడి హారన్‌తో ఆఫీసుకు పోవడమేమిటని పానా పెట్టి ఊడదీసి మంచం కింద పెట్టాను.

ఆ ఆదివారం సంగతి వివరంగా చెప్పడం నాకే నామోషీ. నీలం గేటు మూసి ఉంది, వాచ్‌మన్ ఎవరింటికని అడిగాడు, ఎవరింటికీ కాదంటే తీయలేదు. చుట్టూ తిరిగి పోతే కుక్కలు వెంటపడ్డాయి. అవి నేను చుక్కలు పెట్టిన చోటివి కావు, వేరేవి. లోతుకుంట దగ్గర పూలవ్వ చెట్టు కింద కూర్చుని మల్లెలు గుచ్చుకుంటోంది. నేను ఆమె ఎదురుగానే నిలబడ్డాను, ఒకసారి దగ్గాను కూడా. ఆమె తల ఎత్తలేదు. అటు కార్లు, ఇటు లారీలు, మధ్యలో ఇంట్లో అవ్వ తినని అన్నం గుర్తొచ్చి, కాలు ముందుకు పడలేదు. అవే ఆ ఇరవై రెండు నిమిషాలు. రాణిగంజ్‌లో మూసి ఉన్న షట్టర్ ముందు నిలబడి గడియారం చూసుకుంటే పదీ పది. ఇంటికొచ్చి సైకిల్ గోడకేసి ఆనించి, “నీ తొవ్వ ఇగ పనికి రాదు నాయినా, అంతా మారిపోయింది” అన్నాను.

నాయిన నన్ను చూడలేదు, సైకిల్‌ను చూశాడు.

“హారన్ ఏదిరా?”

“తీసి మంచం కింద పెట్టిన.”

“ఎందుకు?”

నేను సైకిల్ చైను సరిచేయడం మొదలుపెట్టాను. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. మంచం కింద వంగడానికి మోకాలు ఒప్పకపోయినా వంగి, హారన్ తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ హ్యాండిల్‌కు బిగించాడు. “సందు సందుకు కొట్టు. కొట్టకుంటె నువ్వెవరో ఆళ్లకెట్ల ఎరుక?” అన్నాడు, అంతే.

సోమవారం బొల్లారంలో సందు మొదట్లో ఎవరూ లేనిది చూసి, సిగ్గుపడుతూ ఒకసారి నొక్కాను. ఆ తర్వాత జరిగినవాటికి నా బాధ్యత లేదు. నీలం గేటు నేను చేరకముందే తెరుచుకుంది, వాచ్‌మన్ సలాం కొట్టాడు, నన్ను కాదు, సైకిల్‌ను. నిన్న నన్ను తరిమిన కుక్కలే ఈరోజు తోకలాడిస్తూ ఎంతో ఆశతో వెంట వచ్చాయి (అల్వాల్ దాకా దింపి వెళ్లాయి). పిల్లులు గోడలు దిగాయి. కాలనీలో రెండో అంతస్తు నుంచి ఒక మేడమ్, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ, గిన్నె పట్టుకుని చెప్పులు కూడా లేకుండా కిందికి పరుగెత్తుకొచ్చింది.

“ఏమండీ, ఇన్నాళ్లకా రావడం! కొరమేను ఉందా? అయ్యో, ఆయన కాదే! మీ నాన్నగారేరి?”

“మోకాలు నొస్తాందండి. నేను ఆఫీసుకు పోతున్న, చేపల్లేవు.”

“ఆఫీసుకా? చేపల హారన్ వేసుకునా?” అంది. “ఉండండి, ఒక్క నిమిషం,” అని పైకెళ్లి, మోకాలికి రాసే నూనె సీసా తెచ్చి చేతిలో పెట్టింది. ఆ ఒక్క నిమిషం ఆరు నిమిషాలైంది. ఆ పక్క గల్లీలో ఇంకో ఇద్దరు ఆపారు, ఇద్దరికీ మోకాలి సంగతి మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. లోతుకుంటకు వచ్చేసరికి తొమ్మిది దాటింది. బొయ్ మనిపించాను. పూలవ్వ చేతిలో దండ వదలకుండానే లేచింది, రోడ్డు మధ్యకు నడిచింది, రెండో చెయ్యి ఎత్తింది. లారీ ఆగింది. దాని వెనక బస్సు, బస్సు వెనక కార్లు, అటువైపువీ ఇటువైపువీ అన్నీ ఆగాయి. నేను గబగబా దాటబోతుంటే ఆమె హ్యాండిల్ పట్టుకుంది.

“నీ అయ్య బతికున్నడా?”

“ఉన్నడవ్వా. మోకాలు.”

“ఏ కాలు?”

“ఎడమది. లారీలు ఆగినయవ్వా, పోత.”

“ఆగనియ్. ఆళ్లకేం పని. ఏం మందు వెడ్తున్రు?” 

రాణిగంజ్ గల్లీలో పడేసరికి తొమ్మిదీ ముప్పై ఆరు. షట్టర్ లేచి ఉంది. అడ్డంగా ఒక తోపుడు బండి ఉంటే, అలవాటైపోయిన చెయ్యి దానంతటదే హారన్ నొక్కింది. లోపలి నుంచి సేటు బయటికొచ్చాడు, చేతిలో ఎర్రపెన్ను ఉంది. నేను సైకిల్ దిగి, చెమటతో, నూనె సీసాతో, నిమ్మ వాసన పోయి పాత వాసన తేలిన సైకిల్‌తో ఆయన ముందు నిలబడ్డాను. పని పోయిందని నాకు తెలిసిపోయింది.

“ఈ హారన్ ఎవరిది?” అన్నాడు.

“మా నాయినది సేట్.”

“నీళ్ల కాంట్రాక్టు?”

“కాదు సేట్. చేపలమ్ముతడు.”

ఆయన హారన్ దగ్గరికి వచ్చాడు. “మా బాపూజీ, అంటే మా నాయిన, ఉన్నప్పుడు గడియారం చూసేటోడు కాదు భాయ్. పొద్దున గీ హారన్ మోండా మార్కెట్ దిక్కు పోతుండె. అది ఇనంగనే షట్టర్ ఎత్తుతుండె. మేము చేపలు తినం, కానీ టైమ్ మాత్రం దాందే. ఆర్నెల్ల నుంచి వినబడ్తలేదు, ఆ చేపలాయన పోయిండనుకున్నా.” పెన్నుకు మూత పెట్టాడు. “అబద్ధం చెప్పినందుకు నీ పేరు రాయాలె. దానికి నా నోటుబుక్కుల గీత లేదు. రేపటి నుంచి గీ హారన్ నాకు తొమ్మిదిన్నరకు వినబడాలె. వాన పడ్డా, ఎండ కొట్టినా, నీ తండ్రి ఒక్కరోజు లేట్ కాలే.”

నేను లోపలికి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగితే చెమట అనుకుని తుడుచుకున్నాను. నాయినను దాచిపెట్టి ఉద్యోగం సంపాదించాననుకున్నాను, ఆ ఉద్యోగాన్ని నిలబెట్టింది ఆయనే. ఆ సాయంత్రం ఆయన మోకాలికి నూనె రాస్తూ జరిగిందంతా చెప్పాను. నీళ్ల కాంట్రాక్టు సంగతీ చెప్పాను. ఆయన నవ్వి, “కాంట్రాక్టరే అనుకోనియ్యకపోతివి, ఏమైతుండె” అన్నాడు. నాకు ఇంకా సిగ్గేసింది. ఆ సైకిల్ మీద పదకొండు నెలలు పోయాను, మళ్లీ ఎర్రగీత పడలేదు. అవ్వ రోజూ రెండు పూటలా తిన్నది.

ఇప్పుడు నేను మేడ్చల్ దగ్గర ఒక గోదాములో మేనేజర్ని. ఈ మధ్య ఒంటికి మంచిదని గేర్ల సైకిల్ కొని, శామీర్‌పేటకు పోయి, పాత హారన్ అడిగి తెచ్చుకుని దానికి బిగించాను. మా అమ్మాయి చూసి ఇంకా నవ్వుతూనే ఉంది. పోయిన ఆదివారం ఫోన్‌ను సికింద్రాబాద్‌కు సురక్షితమైన దారి చూపమంటే, అది నన్ను నేరుగా తీసుకుపోయి ఆ గేటు ముందే నిలబెట్టింది. జవాను కొత్తవాడు. నేను మ్యాపు చూపించలేదు, మర్యాదగా వెనక్కి తిరిగి నాయిన తొవ్వ పట్టాను. లోతుకుంట దాకా పోయాను. పూలవ్వ లేదు, చెట్టూ లేదు, సిగ్నల్ ఉంది, అది ఎవరి మోకాలి గురించీ అడగదు. తిరిగి వస్తూ కాలనీ దగ్గర ఊరికే ఒకసారి హారన్ కొట్టాను. రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. తలంతా నెరిసిన మేడమ్ కళ్లద్దాలు సవరించుకుంటూ, “ఏమండీ, ఇన్నాళ్లకా! ఏం తెచ్చారు?” అంది.

అటు నుంచి అటే శామీర్‌పేటకు పోయాను. నాయిన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సైకిల్‌ను, హారన్‌ను చూసి, “ఎవరన్న అడిగిన్రా?” అన్నాడు.

“నీలం గేటు మేడమ్ అడిగింది నాయినా.”

“ఏమన్నవ్?”

“రేపు తెస్తనన్న.”

ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచి, అటక మీది పాత గంప దింపమని చెప్పి, దాన్ని కడగడం మొదలుపెట్టాడు. మర్నాడు నేను రెండు కొర్రమట్టలతో (మేడమ్ భాషలో కొరమేనులు) బొల్లారం మీదుగా పోయి, మేడమ్‌కు నాయిన ఆరోగ్యం గురించి పూర్తిగా చెప్పి, గోదాము చేరేసరికి పదిన్నర అయింది. మా దగ్గర లేటుగా వచ్చినవాళ్ల పేర్లు రాసేది నేనే. ఆ రోజు పుస్తకం తీసి, ఎర్రపెన్నుతో, మొట్టమొదట నా పేరే రాసుకున్నాను.