పులిసిన చీజ్‌కేక్

నా చిన్నప్పుడు మా ఇంట్లో షుగర్ అంటే ముసలివాళ్ళ ఆస్తి. అది నాకు నాలుగో తరగతిలోనే సంక్రమించింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నుతో ఇంటికి రాగానే బంధువులంతా మిరప కల్లాల నుంచి నేరుగా పరామర్శకు వచ్చేశారు. మనిషి ఇంకా బతికే ఉన్నాడన్న లోటు తప్ప అన్నీ సక్రమంగా జరిగాయి. ఎవరు మిరప ఘాటుకు కళ్ళు తుడుచుకుంటున్నారో, ఎవరు నాకోసం ఏడుస్తున్నారో తెలిసేది కాదు.

ఈ సూదులు ఎప్పుడు ఆగుతాయని అడిగితే అందరికీ ఏదో పని గుర్తొచ్చేది. "పెద్దోడివైతే అదే పోద్దిరా నాయనా" అనేది నాయనమ్మ, మిరపకాయల తొడిమలు తీస్తూ. ఉగాదికల్లా పోతుందనేది అమ్మ. ఉగాది వచ్చి వెళ్ళింది. సూదులు ఉండిపోయాయి.

నా పుట్టినరోజుకు కేక్ వద్దని ఇంట్లో తీర్మానించారు. మంగళగిరిలో ఉద్యోగం చేసే పక్కింటి అక్క ఒప్పుకోలేదు. పిండీ పంచదారా లేని చీజ్‌కేక్ ఫోన్‌లో చూశానంది. మా ఊళ్ళో ఆ చీజ్ దొరకదు గనుక గేదె పెరుగును గుడ్డలో మూటకట్టి మా వసారాలో వేలాడదీసింది. పగలంతా బొట్లు బొట్లుగా కారింది. ఇంట్లో ఏడవనిది అదొక్కటే మిగిలింది, అదీ మొదలుపెట్టింది. బాదంపొడి, నెయ్యి కలిపి గిన్నె అడుగున అదిమి, పైన ఆ పెరుగు, గుడ్లు, చక్కెర బదులు ఏదో పొడి గిలక్కొట్టి పోసి, విజిల్ తీసేసిన కుక్కర్లో ఉడికించింది. మా ఎండల్లో పగలంతా వేలాడిన పెరుగు ఏమవుతుందో ఫోన్ చెప్పలేదు కాబోలు.

మర్నాడు కేక్ కోశాను. నాయనమ్మ కళ్ళు మూసుకుని "అమృతంరా" అంది. నాన్న ఇంకో ముక్క కూడా అడిగాడు, పాపం. నేనూ తిన్నాను. పులుపు, దాని వెనకే చేదు.

అక్క ఒక ముక్క నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించింది. "ఛీ, దరిద్రంగా ఉందిరా. పులిసిపోయింది."

కొన్ని నెలల్లో మా ఇంట్లో వినబడ్డ మొదటి నిజం అది. ఇదే అదననుకున్నాను.

"అక్కా, నాకు షుగర్ ఎప్పుడు పోద్ది?"

నాయనమ్మ నోరు తెరవబోతే అక్క చేత్తో ఆపింది. "పోదురా. పెద్దయ్యాక కూడా రోజూ వేసుకోవాల్సిందే."

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను చాలాసేపు ఏడ్చాను. అక్క ఊరుకోమనలేదు, లేచి వెళ్ళనూ లేదు. గచ్చు మీద నా పక్కనే కూర్చుంది. నా ఏడుపు అయ్యాక అమ్మను కేకేసింది. "అత్తా, ఆ సూది ఎట్టా వేసుకోవాలో వీడికి నేర్పించు." అంతవరకూ ఎవరూ నేర్పలేదు. ఉగాదికల్లా పోయేదానికి నేర్చుకోవడం దేనికి? అమ్మ ముఖం తుడుచుకుంటూ వచ్చి నా చేయి పట్టుకుని చూపించింది.

ఇప్పుడు నా సూది నేనే వేసుకుంటాను. ఎవరైనా నన్ను భయంభయంగా ఏదైనా అడిగితే ఓ జోకు వేసి తప్పించుకోబోతాను. నాకున్న రెండో జబ్బు అది. అంతలో నా పక్కన గచ్చు మీద కూర్చున్న మనిషి గుర్తొస్తుంది. తెలిసింది చెప్పేసి, అక్కడే కూర్చుంటాను.