నిద్ర చంపే మాత్ర

సైన్యం వదిలాక నేను చేసిన ఆఖరి డ్యూటీ అంబులెన్సులో. కోలారు దగ్గర తమక అనే ఊరు దాటాక హైవే పక్కన మా బండి నిలిపేవాళ్లం. పైన రేకు, కింద బెంచీ, ఒక నీళ్ల డ్రమ్ము. మంచుకొండల్లో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి వచ్చినవాణ్ణి. కోలారు ఎండలో ఇదేం పెద్ద పని అనుకున్నాను.

టొమాటో సీజను. కాయ మెత్తబడేలోపు లారీలు దూరపు మార్కెట్లకు చేరాలి. కేజీఎఫ్ నుంచి వచ్చే మా డ్రైవరు మొదట్లోనే చెప్పాడు.

"ఈ లారీ డ్రైవర్లు పండుకోరు సార్. మాత్ర ఏసుకుంటారు. కన్ను మూతపడదు. అది దిగిపోతే మటుకు మనిషి మనిషిగా ఉండడు."

ఒక మధ్యాహ్నం కంట్రోల్ రూమ్ నుంచి ఫోను. "లారీ, స్కూటరు. ఇద్దరు. తొందరగా పోండి."

స్కూటరు మనిషి క్యాసంబళ్ళి రైతు. పట్టుగూళ్లు అమ్మడానికి బయలుదేరాడు. పొట్ట గట్టిపడింది, నాడి అందీ అందకుండా ఉంది. లోపల రక్తం పోతోందని తెలిసింది.

"నా గూళ్లు యాడప్పా? మూట ఎండలో పెట్టొద్దు" అన్నాడు.

"నీడలో పెట్టినామప్పా" అన్నాడు మా డ్రైవరు. నిజంగానే పెట్టి వచ్చాడు.

లారీ డ్రైవరు ఎడమకాలు మోకాలి కింద విరిగింది. ఆ కాలి మీదే లేచి నిలబడబోయాడు. నొప్పి తెలియడం లేదు. ఒళ్లు కాలిపోతోంది, అంత వెలుతురులోనూ కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. నిద్రలేని సెంట్రీలను చాలామందిని చూశాను. ఇది ఉత్త నిద్రలేమి కాదు.

ఇంకో బండి దూరంలో ఉంది. ఇద్దర్నీ ఒకే బండిలో ఎక్కించాం. రైతును స్ట్రెచర్ మీద, ఇతన్ని పక్క బెంచీ మీద.

"ఏం మింగినావు?"

"టీ సార్. ఉత్త టీ."

"నేను పోలీసోణ్ణి కాదప్పా. చెప్పకపోతే డాక్టరు తెలీక వేరే మందు ఇస్తాడు. గుండె ఆగిపోతాది."

చాలాసేపు పళ్లు కొరికాడు. తర్వాత ఏడ్చాడు. "మాత్రలు సార్. చెన్నైలో దించి వచ్చినా. వచ్చినట్టే మళ్లీ లోడు ఎక్కించినారు. పండుకునేదానికి టైము యాడుండాది?"

ఆసుపత్రిలో ఆ మాట డాక్టరుకు చెప్పాను. దాన్ని బట్టే మందిచ్చారు. అతను బతికాడు. రైతు సాయంత్రంలోపే పోయాడు. కొడుకు వచ్చి, హైవే పక్కన నీడలో పెట్టిన గూళ్ల మూట తీసుకుపోయాడు.

సీజను ముగిసేదాకా చేశాను. అలాంటివి ఇంకా చూశాను. మనుషులు మారారు, మాత్ర మారలేదు. తర్వాత కేజీఎఫ్‌లో మా ఇంటికి వచ్చేశాను. యుద్ధం గురించి అడుగుతారు ఇక్కడివాళ్లు. నాకు గుర్తొచ్చేది ఆ బండి లోపలి భాగం. సైరను మోగుతోంది. ఎదురుగా రైతు కళ్లు మూతలు పడుతున్నాయి. బెంచీ మీద ఆ డ్రైవరు విరగని కుడికాలితో, అంబులెన్సు నేల మీద లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు.